అధ్యక్షా, మా బాబాయి!

తణుకులో మా బాబాయి ఇంటికి ఎప్పుడెళ్లినా తలుపు తీసేది పిన్ని, పలకరించేది అసెంబ్లీ. టీవీలో ఎవరో "అధ్యక్షా!" అని గొంతు చించుకుంటూ ఉంటారు. పడక్కుర్చీలోంచి బాబాయి "లెక్క చెప్పి కూర్చోవయ్యా" అని కసురుతూ ఉంటాడు. నన్ను చూడగానే టీవీ సౌండు తగ్గించి, "అధ్యక్షా, గౌరవ సభ్యుడు గతంలో ఈ సభకి ఒక హామీ ఇచ్చాడు. దాని అతీగతీ ఏమిటో తెలుసుకోవచ్చా?" అంటాడు. నేను వెంటనే "పిన్నీ, కాఫీ" అంటాను. ప్రశ్న తరవాతి సమావేశాలకి వాయిదా పడుతుంది. పదమూడేళ్లుగా అలా పడుతూనే ఉంది.

ఇలాంటి మనిషి మీ ఊళ్లోనూ ఉండే ఉంటాడు. తేడా ఏమిటంటే మీ ఊరాయన పేపరు చదివి తిట్టి ఊరుకుంటాడు. మా బాబాయి పేపరు చదివి, కూడి, తీసేసి, అప్పుడు తిడతాడు. ఆడిట్‌లో చేసి రిటైరయ్యాడు మరి. ఏలూరు ఆఫీసు నుంచి బయల్దేరి, ముప్పయ్యేళ్లపాటు పంచాయతీల్లో ఎన్ని వీధిదీపాలు కొన్నారు, ఎన్ని వెలిగాయి అని అడుగుతూ తిరిగిన ప్రాణం. ఉద్యోగం వదిలింది గానీ అబ్జెక్షన్ వదల్లేదు.

మే రెండో తారీకు వాళ్లింట్లో సేమ్యా పాయసం. మొదటిసారి చేయించినప్పుడు, పెళ్లిరోజు ఓ పదహారు రోజులు తప్పుగానైనా గుర్తుపెట్టుకున్నాడు పాపం అని పిన్ని మురిసిపోయింది. అసలు సంగతి తరవాత తెలిసింది. 2002లో ఆ రోజున సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందట. పోటీ చేసేవాళ్లు తమ ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు జనానికి చెప్పి తీరాలని. పార్టీలన్నీ ఏకమై దాన్ని పలచన చేస్తూ చట్టం తెస్తే, 2003 మార్చిలో కోర్టు ఆ సెక్షన్‌నీ కొట్టేసింది. "పార్టీలన్నీ ఒక్కమాట మీదకి వచ్చాయంటేనే అనుమానించాలిరా" అంటాడు బాబాయి, గిన్నె అడుగు గీకుతూ.

2004 ఎన్నికల నుంచి మొదలైంది ఆయన అసలు సర్వీసు. నామినేషన్ల వారం వస్తే సైకిలేసుకుని రిటర్నింగ్ అధికారి ఆఫీసుకి వెళ్లేవాడు. నోటీసుబోర్డు మీద అంటించిన అభ్యర్థుల అఫిడవిట్లు, అంటే ఇప్పటి ఫారం 26లు, చూస్తూ, ఎండలో నిలబడి లాంగ్‌బుక్కులోకి ఎక్కించేవాడు. ఇప్పుడవన్నీ ఫోన్లోనే దొరుకుతున్నా, చేత్తో రాస్తేగానీ ఆయనకి నమ్మకం కుదరదు. 2004, 2009, 2014, 2019, 2024. అయిదు ఎన్నికలు, అయిదు లాంగ్‌బుక్కులు, వాటికి పిన్ని పాత చీర చించి కుట్టిన గుడ్డ అట్టలు. బీరువాలో పట్టుచీరల కింద ఉండాల్సిన చోట అవి ఉంటాయి. పట్టుచీరలు ట్రంకుపెట్టెలో ఉంటాయి.

ఆ పుస్తకాలు తీశాడంటే మనం భోజనం మీద ఆశ వదులుకోవాలి. పాతిక కార్ల ఊరేగింపుతో నామినేషన్‌కి వచ్చి, కాగితంలో వాహనాల దగ్గర "లేవు" అని రాసే రకం అభ్యర్థి అంటే బాబాయికి ప్రాణం. "నడిచొచ్చాడేమోరా పాపం, ఉండ్రాజవరం జంక్షన్ దాకా ఎవరో లిఫ్టిచ్చుంటారు" అంటాడు. భార్య దగ్గర భర్త, భర్త దగ్గర భార్య అప్పు తీసుకున్న కుటుంబాలంటే ఇంకా ఇష్టం. "ఆ ఇంట్లో వడ్డీ వసూలు ఎవరు ఎవర్ని నిలదీసి చేస్తారో!" ఇక వృత్తి దగ్గర "వ్యవసాయం" అని కనబడితే కళ్లజోడు తుడుచుకుంటాడు. ఆయనకి వేల్పూరు దారిలో ఎకరన్నర ఉంది. సార్వా వానకి పోయింది, దాళ్వా ఎరువులకి పోయింది. "ఏం విత్తనం వేశారో చెబితే మేమూ వేస్తాం కదండీ" అని లాంగ్‌బుక్కుకేసి చేతులు జోడిస్తాడు.

ఎన్నికల ఖర్చు దగ్గర ఆయన భాగహారం వినాలి. అసెంబ్లీ అభ్యర్థి నలభై లక్షలు మించి ఖర్చు పెట్టకూడదు. మన నియోజకవర్గంలో ఓటర్లు రెండు లక్షల పైచిలుకు. "అంటే తలకి ఇరవై రూపాయల్లోపు. జెండా, జీపు, మైకు, భోజనాలు అందులోనే. ఇరవై రూపాయలకి నరేంద్ర సెంటర్లో టీ తాగితే బజ్జీకి మిగలదు. ప్రజాస్వామ్యం ఎలా మిగిలిందిరా?"

ఇంతవరకూ నాకు ముద్దుగానే ఉంటుంది. ఇంట్లోవాళ్లందరికీ ఈ లెక్కలూ, సభ రూల్సూ పెట్టినప్పుడే వస్తుంది చిక్కు.

వాళ్లింట్లో పిన్నే స్పీకరు. పొద్దున కాఫీ వేళ ప్రశ్నోత్తరాలు, కూరల సంచీ దించగానే జీరో అవర్. వంకాయలు పుచ్చు వస్తే వాయిదా తీర్మానం. పిన్ని తోసిపుచ్చితే బాబాయి లేచి పొయ్యిగట్టు దాకా వస్తాడు. దాన్ని పోడియం చుట్టుముట్టడం అంటారు. అట్లకాడ చూపించగానే వాకౌట్ చేసి గోస్తనీ వంతెన దాకా పోయి, సరిగ్గా చారు దింపే వేళకి సభలోకి తిరిగొస్తాడు. ఏనాడూ భోజనం వేళ బహిష్కరించలేదు. ఆ ఒక్క విషయంలో చట్టసభల సంప్రదాయం తు.చ. తప్పకుండా పాటిస్తాడు.

వాళ్లింట్లో "అబద్ధం" అనే మాట నిషేధం. సభామర్యాద కాదట. "సత్యదూరం" అనాలి. 2022 జులైలో లోక్‌సభ సెక్రటేరియట్ వాళ్లు వేసిన అన్‌పార్లమెంటరీ మాటల పుస్తకంలో మొసలి కన్నీళ్లూ, గాడిదా చేరాయని పేపర్లో చదివి బాబాయి పొంగిపోయాడు. "చూశావా, అబద్ధమాడితే రికార్డులో ఉంటుంది, అబద్ధమాడావు అంటే రికార్డులోంచి తీసేస్తారు. ఎంత మర్యాదస్తుల సభో!" ఆ లెక్కన లండన్‌లోనూ అంతేనట. 2021లో ఒక మహిళా ఎంపీ ప్రధాని అబద్ధాలాడుతున్నారని అన్నందుకు ఆమెనే బయటికి పంపారు.

2014 ఫిబ్రవరి 13 మధ్యాహ్నం మాత్రం బాబాయి మర్యాద మాటెత్తలేదు. తెలంగాణ బిల్లు పెడుతుంటే మన విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టాడు. ఎంపీలు కళ్లు నులుముకుంటూ, దగ్గుకుంటూ బయటికొస్తున్నారు టీవీలో. సరిగ్గా అప్పుడే వంటింట్లో పిన్ని ఎండుమిరపకాయల పోపు మాడ్చింది. బాబాయికీ దగ్గు. "సభలో ఎవరో కొట్టార్ట, నన్ననకండి" అని కిటికీ తీసింది పిన్ని. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రం ఇంకేం మాట్లాడకుండా అరుగు మీద కూచుని, చీకటిపడ్డాక అన్నాడు: "ఆ పార్లమెంటుకే సుందరయ్యగారు సైకిల్ మీద వెళ్లేవార్రా."

పుచ్చలపల్లి సుందరయ్య పేరొస్తే బాబాయి గొంతు మారిపోతుంది. పార్లమెంటుకీ, అసెంబ్లీకీ సైకిల్ మీదే వెళ్లిన మనిషి. వచ్చిన ఆస్తి పార్టీకి ఇచ్చేశాడు. గన్నవరం నుంచి గెలిచిన రోజుల్లో ఆయన్ని ఏలూరులో చూశాననీ, సైకిలు పట్టుకున్నాననీ బాబాయి చెబుతాడు. ఇదివరకు చూశానని మాత్రమే అనేవాడు, పట్టుకోవడం ఈమధ్యే చేరింది. ఇంకో రెండేళ్లాగితే గాలి కొట్టిచ్చాననేలా ఉన్నాడు. ఆ వరసలోనే టంగుటూరి ప్రకాశం కథా వస్తుంది. బారిస్టరుగా లక్షలు గడించి, పేపరుకీ ఉద్యమానికీ ధారపోసి, 1957లో పోయేనాటికి చేతిలో ఏమీ మిగుల్చుకోని మాజీ ముఖ్యమంత్రి. "ఆయన ఫారం 26 నింపాల్సొస్తే ఒక్క నిమిషం పట్టేది" అంటాడు.

అలాగని డబ్బున్నవాళ్లంటే బాబాయికి కోపమేం లేదు. 2024లో గుంటూరు లోక్‌సభ అభ్యర్థి పెమ్మసాని చంద్రశేఖర్ కుటుంబ ఆస్తి 5,705 కోట్లని చూపించాడు. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద లోక్‌సభకి పోటీచేసినవాళ్లలో అదే ఎక్కువ. బాబాయి లాంగ్‌బుక్కులో ఆ సున్నాలు గడిలో పట్టక పక్క అభ్యర్థి గడిలోకి పోయాయి. తిడతాడేమో అనుకున్నాను. "ఎందుకురా తిట్టడం? ఉంది, ఉందన్నాడు. ఉండటం తప్పు కాదు, లెక్కలో లేకపోవడం తప్పు" అన్నాడు.

అందుకే ఆయనకి బాతు కథంటే అంతిష్టం. 2009లో బ్రిటన్‌లో ఎంపీల ఖర్చుల బిల్లులు బయటపడినప్పుడు, ఒకాయన తన చెరువులో తేలే బాతుల ఇంటికి 1,645 పౌండ్లు ప్రభుత్వాన్ని అడిగాడని తెలిసింది. ఆఫీసువాళ్లు ఇవ్వలేదు. అయినా ఆయన మరి ఎన్నికల్లో నిలబడలేదు. పైగా ఆ ఇల్లు బాతులకి నచ్చలేదట! కొల్లేరు వైపు నుంచి కోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలొచ్చినప్పుడల్లా బాబాయి గట్టు మీద ఆగి, వాటిని తోలే కుర్రాడికి ఈ కథ మొత్తం చెబుతాడు. ఆ కుర్రాడు శ్రద్ధగా విని ఒకసారి అడిగాడు: "ఆయ్, మరి గుడ్లెవరు తిన్నారండి?" ఆడిట్‌లో ఇంత మంచి ప్రశ్న తను కూడా వేయలేదని బాబాయి ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఇక నా గోడు. మా గృహప్రవేశం రోజున పురోహితుడు మంత్రం మధ్యలో ఊపిరి పీల్చుకుంటుంటే, ఆ సందులో బాబాయి గొంతు పందిరంతా వినబడింది. "ఒరేయ్, రిజిస్ట్రేషన్ ఎంతకి చేయించావు, అసలెంత ఇచ్చావు?" దస్తావేజులో ఉన్నది సర్కారువారి రేటు. ఇచ్చిందేమో... ఆవుపాలు పొంగాయి గాబట్టి బతికిపోయాను. అందరి కళ్లూ పొయ్యి మీదకి తిరిగాయి. అంత పవిత్రంగా పాలు పొంగడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ కసి తీర్చుకుందామనే పోయిన సంక్రాంతికి ఖాళీ ఫారం 26 ప్రింటు తీయించుకుని వెళ్లాను. కనుమ నాడు గారెలు తిన్నాక ముందు పెట్టాను. "బాబాయ్, ఇన్నేళ్లూ ఊరందరివీ చదివావు. నీదొకటి నింపు." కంగారు పడతాడనుకుంటే కలం తీసి, "అధ్యక్షా, ప్రతిపక్షం కూడా నింపాలి" అన్నాడు. రెండో కాపీ నాకిచ్చాడు. రిటర్నింగ్ అధికారి పిన్ని.

గంటన్నర పట్టింది. సైకిలుకి తరుగుదల ఎంతెయ్యాలని ఆయన పావుగంట ఆలోచించాడు. "భార్య పేర చరాస్తులు" దగ్గర ఆగి, "పోపులడబ్బాలో ఎంతుందో సభకి చెప్పాలి" అన్నాడు. పిన్ని తొణకలేదు. "2024 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఏమంది? గిన్నెలూ, చెప్పులూ, బట్టలూ ప్రతిదీ రాయక్కర్లేదు, మరీ ఖరీదైతే తప్ప అంది. మీరే రెండ్రోజులపాటు నాకు చదివి వినిపించారు. డబ్బా గిన్నెల్లోకి వస్తుంది."

"గిన్నె వస్తుందే, అందులోది రాదు."

"అందులోది మొన్న ఎలక్షన్లకి గుమ్మంలోకొచ్చిన కవర్లు. రెండు వైపులవీ. ఎవరి మనసూ కష్టపెట్టడం ఎందుకని పుచ్చుకున్నాను. రాయమంటే రాస్తాను, ఆదాయానికి మూలం ఏమని రాయను?"

తలకి ఇరవై రూపాయల భాగహారం చేసిన మనిషి కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. చివరికి ఆ గడిలో "పరిశీలనలో ఉంది" అని రాశాడు. జీవితంలో తొలిసారి బాబాయి గుటక మింగడం చూశాను. నా పగ తీరిపోయింది.

తీరింది అనుకున్నాను. పిన్ని రెండు ఫారాలూ పైకి చదవడం మొదలెట్టింది. బాబాయిది: భూమి, ఇల్లు, పెన్షను, సైకిలు. ఆ తరవాత "ఇతరులకిచ్చిన అప్పులు, రావలసిన బాకీలు" అనే గడి. అందులో ముత్యాల్లాంటి అక్షరాలతో నా పేరు. 2012 జూన్, 15,000 రూపాయలు, మోటారుసైకిలు నిమిత్తం. వడ్డీ: బంధుత్వం దృష్ట్యా మాఫీ.

తరవాత నాది తీసింది. ఆస్తులు చదివింది. అప్పుల గడి దగ్గరికొచ్చి కళ్లజోడు సరిచేసుకుంది. "లేవు" అని ఉంది. నిజంగా మర్చిపోయానంటే మీరు నమ్మరు. పదమూడేళ్లుగా గుమ్మంలోనే అడుగుతున్నాడు కదా మరి.

బాబాయి నన్ను తిట్టలేదు. తప్పుడు అఫిడవిట్‌కి 125-ఎ సెక్షన్ కింద ఆర్నెల్ల దాకా జైలని కూడా అనలేదు, నోటిదాకా వచ్చినా. గారెల పళ్లెం నా వైపు జరిపి, టీవీ వైపు తిరిగి, "కొంచెం సత్యదూరంగా ఉంది, అధ్యక్షా" అన్నాడంతే.

"పిన్నీ, కాఫీ" అన్నాను.

"ముందు సభ్యుడు జవాబు చెప్పాలి" అంది పిన్ని.

లేచి నిలబడ్డాను. ఆయన మీద ఒక వ్యాసం రాస్తాననీ, పత్రికవాళ్లు డబ్బు పంపగానే మొదటి విడత చెల్లిస్తాననీ నిండు సభలో హామీ ఇచ్చాను. బాబాయి లాంగ్‌బుక్కు తెరిచి తారీకుతో సహా రాసుకున్నాడు.