లారీ కెప్టెన్ల రాత్రి ల్యాండింగులు

పైలట్లకు నిద్ర అవసరమే గాని విమానాలు ఆగిపోయేంత అవసరం కాదన్న సిద్ధాంతాన్ని కేంద్ర విమానయాన శాఖ 2025 డిసెంబరు 5న ఇండిగోకు ఇచ్చిన సడలింపుతో స్థాపించింది. ఎగిరే గంటలకూ విశ్రాంతికీ హద్దులు గీసే ఎఫ్‌డీటీఎల్ నిబంధనల్లో రాత్రి డ్యూటీలకు సంబంధించినవి ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 వరకు వర్తించలేదు. శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడి ఏలుబడిలోని ఆ శాఖ నిద్ర గురించి ఇంత లోతుగా ఆలోచించిన తరువాత, కోలారు జిల్లా లారీ డ్రైవర్లను విస్మరించడం శాస్త్రసమ్మతం కాదు. లారీ డ్రైవర్లకూ పైలట్ల మాదిరే పనిగంటలు ఖరారు చేయాలని రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2021లోనే సెలవిచ్చి ఉన్నారు.

ఆ పోలికను చివరికంటా నడిపిస్తే ఆ జిల్లా మారికుప్పంలో స్టీరింగు పట్టిన ప్రతివాడూ కెప్టెన్ అవుతాడు. అప్పుడు కోలారు ఏపీఎంసీ మార్కెట్ యార్డు విమానాశ్రయం. టార్పాలిన్ కింద మోకులతో బిగించిన 15 కిలోల టమాట బాక్సులు సీటు బెల్టు పెట్టుకున్న ప్రయాణికులు. నంగిలి సరిహద్దు ఇమిగ్రేషన్ కౌంటరు. పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో కిందికి దిగడం మొదలై, తెల్లవారుజామున మూడింటికి చెన్నై కోయంబేడు మార్కెట్లో ల్యాండింగు. టైర్లను రాడ్డుతో కొట్టి చూసేవాడు, బాడీ చరుస్తూ "రైట్, రైట్" అని వెనక్కి రప్పించేవాడు, కెప్టెన్ తూగినప్పుడు తట్టి లేపేవాడు ఒక్క క్లీనరే గనుక ఇంజనీరు, ఏటీసీ, కో-పైలట్ పదవులు మూడూ అతనివే. అసలు కో-పైలట్ ఒకప్పుడు చట్టంలో ఉండేవాడు. రాష్ట్రాలు దాటి తిరిగే నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న ఆ నిబంధనను 2018లో కేంద్రమే ఎత్తివేసింది.

చిక్కల్లా ల్యాండింగులతోనే. పైలట్ల కొత్త నిబంధన ప్రకారం ఒక రాత్రి డ్యూటీలో రెండు ల్యాండింగులే చెల్లుతాయి గనుక మూడో లోడు యార్డులోనే మెత్తబడి కారిపోతుంది. నాలుగో నాటికి చెన్నై సాంబారులో టమాట కనబడదు. అయిదో నాడు టీవీ చర్చలు, ఆరో నాడు పార్లమెంటులో ప్రకటన, ఏడో నాడు సడలింపు. డ్రైవరు నిద్రపోతేనే దేశం మేలుకొంటుందన్నమాట.

డ్రైవరు నిద్రకు చట్టం లేకపోలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలే పని అన్నది, అయితే కనీసం అయిదుగురు కార్మికులున్న సంస్థలకే ఆ మాట. 2025 నవంబరు 21న ఆ చట్టాన్ని తనలో కలుపుకొన్న కొత్త కార్మిక స్మృతి ఆ అయిదును పది చేసింది. అందువల్ల ఒకే లారీ ఉన్న యజమాని దగ్గర పనిచేసేవాడికి చట్టరీత్యా నిద్ర రాదు. కోలారు బంగారు గనుల్లోని ఛాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్ల లోతుకు దిగిన అతని తాతకు గనుల చట్టం 8 గంటల హద్దు గీసింది. 2001లో గనులు మూతపడ్డాక నేల మీద బతుకు వెతుక్కున్న మనవడికి ఆ హద్దు దక్కలేదు.

విమానం కూలితే జరిపే దర్యాప్తు ఉద్దేశం నింద మోపడం కాదని, మళ్ళీ జరగకుండా చూడడమేనని ఆ దర్యాప్తు నిబంధనలే చెబుతాయి. లారీ గుద్దితే మాత్రం అతివేగం, అజాగ్రత్త అన్న రెండు మాటలతో ఎఫ్‌ఐఆర్ మొదలై అక్కడే ముగుస్తుంది. 2023లో రోడ్ల మీద 1.72 లక్షల మందిని పోగొట్టుకున్న దేశం, రోడ్డు రవాణా శాఖ వేసిన ఆ చావుల పట్టికలో అతివేగానికి, తాగుడుకు, సెల్‌ఫోనుకు గడులు గీసుకొని నిద్రలేమికి ఒక్క గడి గీయలేకపోయింది. బండి పక్కకు తీసి రెండు గంటలు కన్నుమూసే చోటు, ఆలస్యమైతే కిరాయి కోయని యజమాని, స్టీరింగు అందుకునే రెండో మనిషి ఉంటే చాలు డ్రైవరుకు. అతనికి దక్కేవి మాత్రం నినాదాల బోర్డులు, చలానాలు, జైలు. ఇది మనుషుల ప్రాణాలతో కిరాయి తగ్గించుకునే వ్యాపారం, దానికి ప్రభుత్వమే పూచీదారు. ఇద్దరు డ్రైవర్ల నిబంధనను తిరిగి తెచ్చి, ఒక్క లారీ యజమానికీ 8 గంటల హద్దు వర్తింపజేసి, ప్రమాదానికి ముందు డ్రైవరు ఎన్ని గంటలుగా మేలుకొని ఉన్నాడో ఎఫ్‌ఐఆర్‌లో రాయించనంతవరకు, అతివేగంతో ముగిసే ప్రతి నివేదికా అసలు దోషులను తప్పించే పత్రమే.