నిమ్మకాయలు పాస్, ఫారం 22 ఫెయిల్

మా మేనల్లుడు కారు చేశాడు. కొనలేదండీ, చేశాడు. బీదర్‌లో ఈ ముక్క ఎవరి చెవిన వేసినా ఒకటే ప్రశ్న: "సీఎన్‌జీ కిట్టా?" కాదు బాబూ, కారే కిట్టు.

ఇంజిను, గేరుబాక్సు పాత మారుతి 800వి. వెనక కమాను పట్టీలు ఎప్పుడో తుక్కుకు పోయిన ఓమ్నీవి. సీట్లు ఆటోవి. స్పీడోమీటరు మోటార్‌సైకిలుది, దాని మీద 120 దాకా అంకెలున్నాయి, బండి కంటే దానికే ఆశ ఎక్కువ. ఎడమ తలుపు గడియ మా అక్క పెళ్లినాటి బీరువాది. అది తిప్పినప్పుడల్లా నాకు కలరా ఉండల వాసన కొడుతుంది. ఛాసిస్ మాత్రం వాడి సొంతం. కొల్హార్ పారిశ్రామికవాడలో ఒక వెల్డింగ్ షెడ్డు వెనక పద్నాలుగు నెలలు చదరపు పైపులు కోశాడు, అతికాడు, వంకర వచ్చిందని మళ్లీ కోశాడు. ఖర్చెంతరా అంటే "లక్షా ఎనభై, మామా" అన్నాడు. వాళ్లమ్మకు లక్షా ఇరవై అని చెప్పాడట. ఆ మధ్యలో అరవై వేలు నా కడుపులో ఉన్నాయి.

ఒక ఆదివారం పొద్దున ముహూర్తం. అక్క నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ దిగదుడిచి కొట్టింది. వాడు క్లచ్చు వదిలాడు. నాలుగు కాయలూ ఒక్కసారే చితికాయి. వీల్ అలైన్‌మెంట్‌కు ఇంతకు మించిన పరీక్ష నేను చూడలేదు. ఇరవై గజాలు పోయి బండి ఆగింది. ఆగుతుందో లేదో చూడ్డానికే నేను వెళ్లింది. మిస్త్రీ భాయ్ బానెట్ మీద చాయ్ గ్లాసు పెట్టి, మళ్లీ నడిపి బ్రేకు కొట్టమన్నాడు. సగం చాయ్ ఒలికింది, గ్లాసు నిలబడింది. "పాస్" అన్నాడు భాయ్.

సరిగ్గా అప్పుడే నెత్తి మీదుగా సూర్యకిరణ్ విమానాలు వెళ్లాయి. మా ఊరి వాయుసేన స్థావరమే ఆ విన్యాసాల జట్టుకు ఇల్లు కాబట్టి మాకిది మామూలే. పిల్లలు కూడా తలెత్తరు. వాటి పేరు హాక్. 2004లో మన ప్రభుత్వం ఆ రకం విమానాలు 66 కొనడానికి ఒప్పందం రాసుకుంది. 24 ఇంగ్లండులో తయారై వచ్చాయి, మిగతా 42 లైసెన్సు మీద బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో తయారయ్యాయి. వాటిలో తొలి విడతలు విడిభాగాలుగా దిగితే మనవాళ్లు బిగించారు. అంటే మా ఆకాశంలో కిట్టు విమానాలు తలకిందులుగా పల్టీలు కొట్టవచ్చు. కింద మా అల్లుడి కిట్టు కారు మాత్రం హుమ్నాబాద్ దాకా తిన్నగా పోకూడదు.

కిట్టు అంటేనే మన చట్టానికి పడదనుకున్నారా? అదేం లేదు. కోటీశ్వరులు తిరిగే జర్మన్ కార్లు చాలావరకు పెట్టెల్లో ముక్కలుగా దిగి చెన్నైలోనో, పుణే దగ్గర చాకన్‌లోనో కారు రూపం ఎత్తుతాయి. దానికి కస్టమ్స్ వాళ్ల భాషలో సీకేడీ అని గౌరవనామం, సుంకంలో తగ్గింపు కూడాను. పెట్టె విప్పిందెవరన్నదే లెక్క. కంపెనీ విప్పితే పరిశ్రమ. అల్లుడు విప్పితే నేరం.

నంబరు కోసం కాగితాలు చూద్దామని కూర్చున్నాం. ఫారం 20 అంటే దరఖాస్తు, సరే. ఫారం 21, అమ్మినవాడు ఇచ్చే సేల్ సర్టిఫికెట్. ఫారం 22, ఈ బండి రోడ్డు మీద తిరగడానికి తగినదని తయారీదారు రాసిచ్చే హామీ. వీడికి వీడే అమ్ముకోవాలి, వీడికి వీడే హామీ ఇచ్చుకోవాలి. పెళ్లికొడుకే పురోహితుడై మంత్రం చదివి, తానే అక్షింతలు వేసుకున్నట్టు. లైఫ్ ట్యాక్స్ తేల్చడానికి ఇన్‌వాయిస్ కావాలి. లక్షా ఎనభై అని రాయాలా, అక్కకు చెప్పిన లెక్క రాయాలా?

ఇవన్నీ దాటినా, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వది కూర్చుని ఉంది. కొత్త రకం బండి చేసినవాడు ముందు నమూనాను పుణేలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థకు పరీక్షకు పంపాలి. కంపెనీలకిది న్యాయమే, లక్ష బండ్లు చేయబోతూ ఒకటి పంపుతాయి. వీడు చేసిందే ఒకటి. నమూనా అదే, ఉత్పత్తి అదే, ఆఖరి బండీ అదే. పోనీ పుణే తీసుకెళ్దామంటే నంబరు లేని బండి రోడ్డెక్కరాదు. నంబరు కావాలంటే పుణే వెళ్లి రావాలి.

దిక్కుతోచక ఒక ఏజెంటును కలిశాం. ఏ ఊళ్లోనో అడక్కండి. వేపచెట్టూ దాని కింద టేబులూ ఉన్న ఊరని మాత్రం చెప్పగలను. అంతా విని ఆయన జాలిగా నవ్వాడు. "ఇంత కష్టమెందుకు సార్? పాత జీపు ఆర్సీ ఒకటుంది. బండి చచ్చిపోయింది, ఆర్సీ బతికే ఉంది. ఛాసిస్ నంబరు కొట్టించుకుంటే రెండు రోజుల పని." విక్రమార్కుడి పరకాయప్రవేశం చిన్నప్పుడు చందమామలో చదివాను, దానికి ఒక రేటు ఉంటుందని తెలియదు. మా వాడు లేచి వచ్చేశాడు. దొంగదారి రెండు రోజులు, రాజమార్గానికి అసలు గేటే లేదు.

ఇక ఉన్న బండినే మార్చుకుందామా అంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరణలో శిక్ష కూడా చేర్చారు: అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకు! బీరువా గడియకు ఐదు వేలు, ఆటో సీట్లకు ఐదు వేలు అని లెక్క కట్టుకుంటూ వెళ్తే కారు ఖరీదు దాటిపోయింది.

అలాగని దేశం ఇలాంటివాళ్లను ఆదరించదని అనకూడదు. దండలు వేయడంలో మనకు సాటి లేరు. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. కన్యబోయిన సుధాకర్ వంకాయ కారు, బూటు కారు, బర్గర్ కారు చేసి పెట్టారు. బొమ్మలు కావు, నడిచేవే. 2005లో 41 అడుగుల ఏడంగుళాల మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. టికెట్టు కొని వంకాయ కారు పక్కన ఫొటో దిగి రావచ్చు.

మహారాష్ట్ర సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రెలో దత్తాత్రయ లోహార్ అనే కమ్మరి పాత సామానుతో, సుమారు 60 వేల ఖర్చుతో, కొడుకు కోసం చిన్న జీపు చేశాడు. స్కూటర్‌లా కిక్కు కొట్టి స్టార్టు చేయాలి. 2021 డిసెంబరులో ఆనంద్ మహీంద్రా అది చూసి మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూనే, ఇది నిబంధనలకు లోబడదు, అధికారులు ఎప్పుడో ఆపేస్తారు, నాకిచ్చి బదులుగా బొలేరో తీసుకో అన్నారు. మరుసటి నెలలో బొలేరో వచ్చింది. ఆయన పెద్ద మనసును నేను కాదనను. కానీ మన దేశంలో ఇంట్లో చేసిన బండి చట్టబద్ధం కావడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే: ఒక పారిశ్రామికవేత్త చూడాలి, బండి ప్రదర్శనకు పోవాలి, చేసినవాడికి షోరూం బండి రావాలి. మా అక్క వెంటనే వీడియో తీద్దామంది. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది, ఇంత దగ్గర కదా అని ఆమె లెక్క. "బొలేరో ఎవడైనా కొంటాడమ్మా" అన్నాడు వీడు.

బ్రిటన్ సంగతి వింటే ఏడుపొస్తుంది. అక్కడ 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ను ముక్కలుగా అమ్మేవారు. అప్పట్లో పూర్తి కారుకు పన్ను పడేది, ముక్కలకు పడేది కాదు. బిగించే విధానం రాసివ్వకూడదంటే విప్పే విధానం రాసిచ్చి, వెనకనుంచి చదువుకోమన్నారని ఒక కథ కూడా ఉంది. ఇవాళ అక్కడ ఇంట్లో చేసిన ఒక్క కారునైనా ప్రభుత్వ కేంద్రానికి తీసుకెళ్తే బ్రేకులు, దీపాలు, బెల్టులు, పొగ అన్నీ తనిఖీ చేస్తారు. నెగ్గితే నంబరు. పాత భాగాల వయసు తేలకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు. మనకూ క్యూ ఉందిలెండి, మనుషులకు.

మా వాడిని వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అనకముందే చెబుతున్నాను: చాయ్ గ్లాసు పరీక్ష చాలదు. వీడి వెల్డింగు ఊడి ఎవరి బిడ్డ మీదికో పోతే నిమ్మకాయలు సాక్ష్యం చెప్పవు. పరీక్ష పెట్టండి, కఠినంగా పెట్టండి, తప్పితే తుక్కుకు పంపండి. కోట మట్టితో నలుపెక్కే మా బిద్రీ పనికి 2006లో జీఐ ముద్ర ఇచ్చారు. 2023లో ఆ పనిలో చేయి తిరిగిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ ఇచ్చారు. అప్పుడు ఎవరూ ఫారం 22 అడగలేదు, చేతిని చూశారు. మరి ఒక్క బండి చేసినవాడి కోసం ఒక్క పేజీ ఫారం, జిల్లాకొకటి కాకపోయినా రాష్ట్రానికొక పరీక్ష కేంద్రం పెట్టండి. అంతకంటే అడగను.

అది వచ్చేలోపు చట్టమంతా మళ్లీ చదివాను. మోటారు వాహనమంటే ఏమిటో చెప్పే రెండో సెక్షన్‌లో చిన్న సందు దొరికింది. నాలుగు చక్రాల కంటే తక్కువ ఉండి, ఇంజిను 25 సీసీ దాటకపోతే అది మోటారు వాహనమే కాదు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మా వాడు ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున్నే కంది చేలోంచి మందు కొట్టే పవర్ పంపు మోసుకొచ్చి, షెడ్డులో ఇంజిను విప్పడం మొదలుపెట్టాడు. నేను గుడ్డతో మట్టి తుడిచి దాని మీది స్టిక్కరు చదివాను.

26 సీసీ.