సెక్షన్ వనపాలకుడు

తెలుగునాట ప్రభుత్వ కార్యాలయాలలో మొక్కలు పెంచే ఉద్యోగిని తోటమాలులలోనూ చేర్చరాదు, పెరట్లో పాదులు పెట్టుకునే గృహస్థులలోనూ చేర్చరాదు. ఇంటి దగ్గర తులసికోటకు ఎవరు నీళ్లు పోస్తున్నారో ఇతడు ఎరుగడు గాని, తన సెక్షన్‌లో, అనగా ఒక సూపరింటెండెంటు కింద నలుగురైదుగురు గుమాస్తాలు కూర్చుని ఒక తరహా ఫైళ్లు చూసుకునే విభాగంలో, ఏ కుండీలో ఏ ఆకు ఎప్పుడు పండిందో తేదీతో సహా చెప్పగలడు. ఈ లక్షణం ఎక్కువగా సీనియర్ అసిస్టెంట్లలో, అదీ పదోన్నతి జాబితాలో పేరుండి ఆ జాబితా ఏళ్ల తరబడి ఖరారు కాని దశలో బయటపడుతుంది. ఉద్యోగంలో తాను ఎదగడం ఆగిపోయినప్పుడు ఎదిగేది మరొకటి కళ్ల ముందు ఉండాలని మనిషి కోరుకోవడంలో అసహజమేమీ లేదు.

అతడి వనానికి మూలం దాదాపు ఎప్పుడూ ఒక మనీప్లాంటు కొమ్మే. దొంగిలించి తెచ్చినదైతేనే అది బాగా పాకుతుందన్న నమ్మకం జనంలో ఉన్నందున, వనపాలకుడు దానిని అధికారి పేషీ నుంచి, అంటే అధికారిగారి ఆంతరంగిక సిబ్బంది కూర్చునే గది నుంచి, మధ్యాహ్న భోజన విరామంలో తుంచుకొని వస్తాడు. లేబులు గీకేసిన ఒక సీసాలో దాన్ని పెడతాడు. ఆ సీసా పూర్వచరిత్రను సెక్షన్‌లో ఎవరూ అడగరు. పసిఫిక్ మహాసముద్రంలో ఫ్రెంచి పాలినేషియాకు చెందిన మోరియా దీవి ఈ తీగ పుట్టిల్లు. దానికి మనీప్లాంటు అని పేరు పెట్టినవారెవరో గాని, అర్జీదారులు వచ్చిపోయే బల్లల మీద అది ఉండబోతుందని ఊహించి ఉండరు.

తన మొక్కలను ఎవరైనా ప్రశ్నిస్తే వనపాలకుడు నాసాను సాక్ష్యానికి పిలుస్తాడు. సాక్ష్యం కల్పితం కాదు. 1989లో బి.సి. వోల్వర్టన్ అనే శాస్త్రజ్ఞుడు నాసా కోసం చేసిన ప్రయోగాలలో, మూసి ఉంచిన చిన్న గదులలోని బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి ఆవిరులను, అంటే రంగులు, జిగురులు, చెక్కసామాను నుంచి గాలిలోకి చేరే రసాయనాలను, కుండీ మొక్కలు తగ్గించిన మాట నిజం. అయితే ఆ గదులకు గాలి రాకపోకలు లేవు. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కమ్మింగ్స్, వారింగ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇటువంటి ప్రయోగాలన్నిటినీ తిరగేసి, మామూలు భవనంలో గాలి మార్పిడి వల్ల జరిగే శుద్ధిని మొక్కలతో సాధించాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 దాకా మొక్కలు కావాలని లెక్క తేల్చారు. ఈ లెక్కను అమలుచేస్తే సెక్షన్‌లో ఉద్యోగులకు గాని ఫైళ్లకు గాని చోటుండదు. ఉద్యోగుల మాట ఎలా ఉన్నా, ఫైళ్లకు చోటు లేకపోవడాన్ని ఏ ప్రభుత్వమూ ఒప్పుకోదు. పైగా సదరు గదిలో గాలి మార్పిడికి కొరతే లేదు, ఎందుకంటే కిటికీ అద్దం పగిలి చాలా కాలమైంది, దాని మరమ్మతు కోరుతూ రాసిన లేఖకు జవాబు రాలేదు.

స్నేక్ ప్లాంటు రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుందన్నది అతడి రెండో సిద్ధాంతం. ఎండ ప్రదేశాల మొక్క కనుక నీటిని పొదుపు చేసుకోవడానికి అది తన పత్రరంధ్రాలను, అంటే ఆకు మీద గాలి పీల్చే సూక్ష్మద్వారాలను, రాత్రిపూట తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను లోపల దాచుకుంటుంది. ఆక్సిజన్ తయారుకావడానికి మాత్రం వెలుతురు కావలసిందే. ఒకవేళ రాత్రంతా అది ఆక్సిజన్ కురిపించినా, ఆ వేళకు కార్యాలయంలో పీల్చడానికి మిగిలేది కాపలాదారు ఒక్కడే, అతడు కూడా వరండాలో పడుకుంటాడు.

విచిత్రమేమిటంటే, తన పక్షాన నిజంగా నిలబడగల ఆధారాన్ని వనపాలకుడు ఎన్నడూ పేర్కొనడు. 1984లో రోజర్ ఉల్రిచ్ ప్రచురించిన అధ్యయనంలో, పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయానికి శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో, కిటికీలోంచి చెట్లు కనిపించినవారు ఇటుక గోడ కనిపించినవారికంటే త్వరగా ఇంటికి వెళ్లారనీ, ఘాటైన నొప్పిమందులు తక్కువగా వాడారనీ తేలింది. దీనినిబట్టి మొక్క వల్ల మేలు కలిగేది ఊపిరితిత్తులకంటే కంటికీ, కంటి ద్వారా మనసుకూ అనుకోవడం సమంజసం. పాసుపుస్తకంలో పేరు దిద్దించుకోవడానికి వచ్చి పొద్దుటి నుంచి బెంచీ మీద కూర్చున్న రైతుకు, ఎదురుగా ఉన్న పచ్చని తీగ పేరు దిద్దదు గాని, కోపాన్ని మధ్యాహ్నం దాకా వాయిదా వేయగలదు. పరిపాలనా దృష్టితో చూస్తే ఇది సామాన్యమైన ప్రయోజనం కాదు.

మొక్కలకు ముప్పు నిర్లక్ష్యం వల్లకంటే ప్రేమ వల్లే ఎక్కువ. అధికారి ఒకసారి దారిన పోతూ బాగున్నాయని అన్న నాటి నుంచి సెక్షన్‌లో ప్రతివారూ నీళ్లు పోయడం మొదలుపెడతారు, కొందరు టీ గ్లాసు అడుగు కూడా వంపుతారు. మట్టిలో గాలికి చోటు లేక వేళ్లు కుళ్లుతాయి, ఆకులు పసుపెక్కుతాయి, అది చూసి మరిన్ని నీళ్లు పోస్తారు. కుండీ కింది పళ్లెంలో నిలిచిన నీటిలో డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్డు పెడితే వారం పది రోజుల్లో దోమ బయటికి వస్తుంది. అందుకే వారానికొక రోజు నీళ్లన్నీ పారబోసి ‘డ్రై డే’ పాటించమని పురపాలక సిబ్బంది చెప్పిపోతారు. ఆరోగ్యం కోసం పెంచిన వనం సెక్షన్‌లో సగంమంది చేత మెడికల్ లీవు పెట్టించిన సందర్భంలో కూడా వనపాలకుడి విశ్వాసం చలించదు. మిగిలిన సగంమంది మొక్కల వల్లే నిలిచారంటాడు.

కొన్నేళ్లకు తీగ బీరువా మీదుగా పాకి తలుపు పిడిని చుట్టుకుంటుంది. లోపలి ఫైలు కావాలంటే తీగ తెగాలి, తీగ తెగడానికి అతడు ఒప్పుకోడు, కనుక అర్జీదారును సోమవారం రమ్మంటాడు. ఇందులో లంచం ఆశ ఎంతమాత్రమూ లేదని, అది వట్టి వాత్సల్యమేనని అతడి పక్షాన చెప్పక తప్పదు.

ఇటువంటివాడికి బదిలీ అయినప్పుడు చార్జి అప్పగింతలో, అనగా తన అధీనంలోని ఫైళ్లు, రిజిస్టర్లు, తాళంచెవులు జాబితా వేసి వచ్చినవాడికి సంతకం మీద ఒప్పజెప్పే తంతులో, చిక్కు వస్తుంది. మొక్కలు కొన్నవి కావు కనుక స్టాకు రిజిస్టరులో లేవు. రిజిస్టరులో లేనిదాన్ని ఒప్పజెప్పడమూ కుదరదు, పారేయడమూ కుదరదు. కొత్తగా వచ్చిన గుమాస్తా ముందుజాగ్రత్త కలవాడైతే, నమోదు కాని కుండీలకు నీరు పోయు విషయమై తగు ఉత్తర్వులు కోరడమైనది అని నోటు పెడతాడు. సూపరింటెండెంటు దానిపై ‘చర్చించవలెను’ అని రాసి తిప్పి పంపుతాడు, చర్చ వచ్చే వారానికి వాయిదా పడుతుంది, ఈలోగా అటెండరు ఎవరినీ అడగకుండా, ఇన్నేళ్లుగా పోస్తున్నట్టే, పొద్దున్నే వచ్చి నీళ్లు పోసి పోతాడు.