ప్లేడే నాడు ఆట లేదు

సింగరేణిలో ఆదివారానికి ప్లేడే అని పేరు. ఇంగ్లండు బొగ్గు గనుల్లో పని బందున్న రోజును అలా పిలిచేవారు. దొరలు పోతూ పోతూ ఆ మాటను ఇక్కడే వదిలేసి పోయారు. మనవాళ్లు దాన్ని పారేయలేదు, మరమ్మతు చేసి వాడుకున్నారు. ఇప్పుడు ప్లేడే అంటే ఆదివారం కూడా డ్యూటీ పడటం, దానికి రెట్టింపు జీతం రావటం. ప్లేడే దొరికిన ఇంట్లో మటన్ ఉడుకుతుంది, దొరకని ఇంట్లో చికెన్. ఈ లెక్కలో బంతి ఆడటమన్నది ఎక్కడా లేదు. ఆట పేరు పెట్టుకున్న రోజున ఆట తప్ప అన్నీ జరిగే ఊరు గోదావరిఖని ఒక్కటేనని నేననను, కొత్తగూడెం వాళ్లు అలుగుతారు.

అలాంటి ఊళ్లో, అలాంటి ఆదివారం, పొద్దున ఆరున్నరకు మా టీం మ్యాచ్.

టీంకు పేరుంది గానీ చెప్పను. అందులో ఇంకా పరువున్నవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. వాట్సాప్ గ్రూపులో నలభై ముగ్గురం. శనివారం రాత్రి "రేపు ఎవరెవరు అత్తర్రా?" అని కెప్టెన్ అడగగానే ఇరవై ఆరు బొటనవేళ్లు లేస్తాయి. తెల్లారి గ్రౌండులో చూస్తే ఆ బొటనవేళ్ల తాలూకు మనుషులు ఐదుగురు. మిగతావాళ్లకు ఫోన్ చేస్తే అందరిదీ ఒకటే జవాబు: "అత్తన్ననే అన్నా, తొవ్వల ఉన్న." ఆ తొవ్వలో సీలింగు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మనకు స్పష్టంగా వినిపిస్తుంది.

జట్టులో ఏడుగురికి తగ్గితే మ్యాచ్ మొదలుపెట్టకూడదన్నది ఫుట్‌బాల్ నిబంధనల్లో మూడోది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మా డిఫెన్సుకు ఈనాటికీ తెలియదు, ఈ మూడో నిబంధన మాత్రం అందరికీ నోటికి వచ్చు. ఐదుగురం రోడ్డు మీదికి పోయి మిగతా ఇద్దరినీ వెతుక్కుంటాం. ఓ ఆదివారం టీ కొట్టు దగ్గర నైట్ షిఫ్ట్ దిగి వస్తున్న అన్న ఒకాయన దొరికాడు. చేతిలో టిఫిన్ డబ్బా, నుదుటి మీద టోపీ పట్టీ ఒత్తుకున్న గీత, కళ్లచుట్టూ కాటుక పెట్టినట్టు బొగ్గు. "నాకు ఆట రాదు తమ్మీ" అన్నాడు. మాకూ రాదని నచ్చజెప్పి లెఫ్ట్ బ్యాక్‌లో నిలబెట్టాం. టిఫిన్ డబ్బా గోలుపోస్టుకు తగిలించి, చేతులు కట్టుకుని, నిలబడ్డచోటే కళ్లు మూశాడు. ఈ సీజన్‌లో మా డిఫెన్సులో తన స్థానం వదిలి కదలనివాడు ఆయనొక్కడే.

గని లోపల ఏడాదికి 190 మస్టర్లు, అంటే హాజర్లు, పైన పని చేసేవాళ్లయితే 240 నింపాలన్న లెక్క ఈ ఊళ్లో బడి పిల్లలకు కూడా తెలుసు. ఆ లెక్కన మా హాజరు పుస్తకం తీస్తే, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆడిన పన్నెండు మ్యాచ్‌లకు పన్నెండింటికీ తప్పకుండా వచ్చింది బంతి ఒక్కటే. అందులో నాలుగింటికి గాలి లేకుండా వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నారని జనం మమ్మల్ని ఎగతాళి చేస్తారు. అయ్యా, మా మద్దెల నిజంగానే ఓడు. రెండు పంక్చర్లు వేయించాం, మూడోది సైకిల్ షాపాయన చేయనన్నాడు.

మా గోలీ కాంట్రాక్టు కార్మికుడు. గోలుపోస్టు పర్మినెంటు, గోలీ కాంట్రాక్టు. 2024 దసరాకు సింగరేణి లాభాల్లో 33 శాతం వాటా పంచినప్పుడు పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు ముట్టాయి. కాంట్రాక్టు వాళ్లకు మొదటిసారిగా 5,000 బోనసు ఇచ్చారు. లక్షా తొంభై వేలు ముట్టిన మా మిడ్‌ఫీల్డంతా యాభై ఐదు అంగుళాల టీవీలు కొన్నది, అర్ధరాత్రి స్పెయిన్ లీగు చూడటానికి. ఐదు వేలు ముట్టిన గోలీ అందులో ఏడు వందలు పెట్టి గ్లోవ్స్ కొన్నాడు. మా టీం మీద ఇప్పటిదాకా ఎవరైనా పెట్టిన పెట్టుబడి అదే. తర్వాతి ఆదివారమే అతనికి డ్యూటీ పడింది. గ్లోవ్స్ మాత్రం పంపించాడు.

ఇక మా స్ట్రైకరు. వాడి కాళ్లలో నిజంగా ఆట ఉంది, అందుకే వాడికి ఇంట్లో పడదు. ఒక ఆదివారం వాళ్ల నాయిన గ్రౌండు దాకా వచ్చాడు. ముప్పై ఏళ్ల సర్వీసు, మోకాళ్లు రెండూ బొగ్గు బాయికే ఇచ్చేశాడు. కార్మికుడు మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అయితే వారసుడికి కొలువు రావటం ఇక్కడి పద్ధతి. ఇచ్చేముందు ఆ వారసుడికీ వైద్య పరీక్ష ఉంటుంది. గీత దగ్గర నిలబడి కొడుకును కేకేశాడు: "నేను అన్‌ఫిట్ గావాలె, నువ్వు ఫిట్ గావాలె. నడుమ ఈ ఫుట్‌బాల్ ఏందిరా?" రెఫరీతో సహా ఎవరి దగ్గరా జవాబు లేదు. ఒకప్పుడు లక్ష మందికి పైగా కొలువిచ్చిన కంపెనీలో 2024 నాటికి పర్మినెంటు వాళ్లు నలభై వేల చిల్లర. ఆ చిల్లరలో ఒకటి కావాలనుకునే ఇంటికి కొడుకు కాలు ఎంత ఖరీదైందో, దాన్ని ఎదుటి డిఫెండరు బూటు కింద పెట్టటం ఎంత తెలివితక్కువో ఆ తండ్రికి తెలుసు. వాడు బూట్లు విప్పి చేతిలో పట్టుకుని బండెక్కాడు. మేం ఆరుగురమయ్యాం.

గ్రౌండు సంగతి. దాన్ని గ్రౌండనటం మా మంచితనం. సగం మొరం, సగం గులకరాళ్లు, నట్టనడుమ టెన్నిస్ బాల్ క్రికెట్టు వాళ్లు వేసుకున్న సిమెంటు పిచ్చి. పిచ్ అనబోయి పిచ్చి అన్నాననుకునేరు, సరిగ్గానే అన్నాను. బంతి దానిమీద పడితే ఎటు లేస్తుందో దేవుడికి తెలియాలి. మనిషి పడితే మాత్రం మోకాలి మీద తోలు లేస్తుంది, అందులో అనుమానం లేదు. పక్కనే ఒక కరెంటు స్తంభం, దానికి బల్బు లేదు. ఈ ఊరి పొలిమేరలో ఎన్టీపీసీ పాత యూనిట్లే 2,600 మెగావాట్లు. ఇక్కడ పుట్టిన కరెంటు పక్క రాష్ట్రాలకు కూడా పోతుంది గానీ, ఆ స్తంభం మాత్రం ఎవరిదీ కాదు. తిరిగిన ప్రతి ఆఫీసులోనూ "మాది కాదు" అన్నారు. ఇంతమంది కాదన్నాక అది దానంతటదే మొలిచిందని తీర్మానించుకున్నాం.

ఆ గ్రౌండులోనే జనవరిలో ఒక టోర్నమెంటు పెట్టారు. ఎవరు పెట్టారో అడగకండి, ఫ్లెక్సీలో ఉన్న పద్దెనిమిది ముఖాల్లో ఎవరైనా అయ్యుండొచ్చు. పైన పెద్ద ముఖాలు, పక్కన మధ్యరకం, కింద దండలో పూసల్లా చిన్నవి. ఆటగాడి బొమ్మ ఒకటే ఉంది, అది రొనాల్డోది. తొమ్మిదింటికి ప్రారంభమన్నారు, ముఖ్య అతిథి పదకొండున్నరకు దిగాడు. అప్పటికి రెండు టీములూ చెట్టు కింద ఉప్మా తిని, అరటిపండ్లు తిని, ఇళ్లకు పోయే ఆలోచనలో ఉన్నాయి. శాలువాలు పద్నాలుగు కప్పారు. క్రీడల వల్ల శరీరానికి ఆరోగ్యం, మనసుకు ఉల్లాసం కలుగుతాయని ముఖ్య అతిథి నలభై నిమిషాలు చెబుతుండగా మా రైట్ వింగ్ ఎండకు కళ్లు తిరిగి కూలబడ్డాడు. ఆ తర్వాత బంతిని తన్ని ఆరంభించే ఘట్టం. ఫొటోగ్రాఫరు "సార్, ఇటు చూడండి" అన్నాడు. సార్ అటు చూస్తూ తన్నాడు. చెప్పు ఎగిరి సెంటర్ సర్కిల్ దాటింది, బంతి ఉన్నచోటే ఉంది. జనం చప్పట్లు కొట్టారు. పేపర్లో ఆ ఫొటో రాలేదు, అంతకుముందు కప్పిన శాలువా ఫొటో వచ్చింది.

టోర్నమెంటు మూడో రోజుకే చల్లబడింది. ప్రైజు మనీ ఏమైందో తెలియదు గానీ ఫ్లెక్సీ మిగిలింది. పన్నెండడుగుల వెడల్పు, మంచి గట్టి సరుకు. మాకు నెట్ లేదు కదా, దాన్ని తీసుకుపోయి గోలు వెనకాల కట్టాం. అక్కడే పొరపాటు జరిగింది. బొమ్మలు ఆటగాళ్ల వైపుకు తిరిగి ఉన్నాయి. ఆ ఆదివారం ఎయిట్ ఇంక్లైన్ కాలనీ పిల్లలు వచ్చారు. వాళ్లు మొదటి బంతి కొట్టగానే అది పోయి నడిమి ముఖానికి తగిలి ధబ్బున మోగింది. ఆ చప్పుడు వాళ్లకు నచ్చింది. సీజనంతా గోలుకు బారెడు దూరంగా కొట్టే కుర్రాళ్లు ఆ రోజు గురి తప్పలేదు. తొమ్మిది గోలులు తిన్నాం. ఐదోదాని తర్వాత మా డిఫెండర్లే పక్కకు జరిగి దారివ్వటం నేను కళ్లారా చూశాను. సెకండాఫ్‌లో గోలు మారాక అదే ముఖం మా ముందుకొచ్చింది. మా ఫార్వర్డు లైను అంత కసిగా ఆడటం అంతకుముందెన్నడూ లేదు. కొట్టినవన్నీ పైనుంచి పోయాయి, అది వేరే సంగతి.

మనకు క్రికెట్ తప్ప ఇంకేం తెలుసు అనేవాళ్లకు ఒక మాట. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచినప్పుడూ, 1962 ఏషియాడ్‌లో బంగారం తెచ్చినప్పుడూ కోచ్ హైదరాబాద్‌కు చెందిన రహీమ్ సాబే. మా గ్రూపులో సగంమందికి ఆయన పేరు 2024లో అజయ్ దేవగన్ మైదాన్ సినిమా వచ్చాక తెలిసింది, మిగతా సగానికి ఇంకా ఓటీటీ సబ్‌స్క్రిప్షన్ లేదు. 2022లో ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ జట్టేమో 2025లో కిరాయి ఇల్లు ఖాళీ చేసినట్టు సామాను సర్దుకుని, పేరు కూడా మార్చుకుని ఢిల్లీకి పోయింది. ఆ వార్త గ్రూపులో పెడితే ఒక్క బొటనవేలు లేచింది. అది కూడా పొరపాటున నొక్కాడట.

అదే 2025 డిసెంబర్ 13, శనివారం. ఉప్పల్ స్టేడియానికి మెస్సీ వచ్చాడు, సువారెజ్, డిపాల్ వెంట వచ్చారు. ముఖ్యమంత్రిగారు స్వయంగా బూట్లు కట్టుకుని మైదానంలోకి దిగారు. ఆయన జట్టు పేరు సింగరేణి ఆర్‌ఆర్-9. సింగరేణి! మా గ్రూపు ఆ రాత్రి దద్దరిల్లింది. బొగ్గు ఎత్తే మనిషి పేరు ప్రపంచ ఛాంపియన్ పక్కన మెరిసిందని ఒకడు కన్నీళ్ల బొమ్మలు పెట్టాడు. ఆ ఆటకు ఎవరి ఖాతాలోంచి ఎంత ఖర్చయిందన్న లెక్క పార్టీలు తేల్చుకుంటాయి, నాకు అంత పెద్ద లెక్కలు రావు. నేను లెక్కపెట్టింది ఒకటే: ఆ సింగరేణి జట్టుకు మనుషులు తక్కువ పడలేదు. ఏడోవాడి కోసం ఎవరూ టీ కొట్టు దాకా పోవలసి రాలేదు.

తెల్లారి ఆదివారం మా మ్యాచ్. గ్రౌండుకు నలుగురం వచ్చాం. ఇద్దరు ఉప్పల్ నుంచి ఇంకా తొవ్వలోనే ఉన్నారు, ఈసారి నిజంగానే. ముగ్గురు రెండో విడత పంచాయతీ పోలింగుకు ఊళ్లకు పోయారు, ఓటుకు వచ్చే గిరాకీ గోలుకు రాదు కదా. మిగతావాళ్లు రాత్రంతా మెస్సీని చూసి అలిసిపోయారు. వచ్చిన నలుగురిలో ముగ్గురు పదో నంబరు జెర్సీ వేసుకున్నారు.

బొగ్గుకూ ఫుట్‌బాల్‌కూ పడదని కాదు. ఇంగ్లండులో వెస్ట్ ఆక్లాండ్ అని ఒక బొగ్గు గనుల ఊరు. అక్కడి మావంటి ఔత్సాహికుల జట్టొకటి సొంత ఖర్చుతో ఇటలీకి పోయి 1909లో లిప్టన్ ట్రోఫీ గెలిచింది, 1911లో మళ్లీ పోయి ఫైనల్లో యువెంటస్‌ను 6-1తో కొట్టింది. వరసగా రెండుసార్లు గెలిచారు గనక కప్పు వాళ్లకే మిగిలింది, అప్పులు కూడా. తీర్చలేక ఆ కప్పును ఊరి హోటలు నడిపే ఆమె దగ్గర నలభై పౌండ్లకు పెట్టేశారు. ఈ కథ చెప్పి ఉత్సాహపరచాలని చూశాను. అంతా విని మా ట్రెజరర్ అడిగింది ఒకటే: "నలభై పౌండ్లంటే ఇప్పటి లెక్కల ఎంతైతదన్నా?" ఆయన బాధ ఆయనది. మంచిర్యాల పోయిరావటానికి ఆటో కిరాయి కట్టలేక అప్పటికే కెప్టెన్ స్మార్ట్‌వాచ్ కుదువ పెట్టి ఉన్నాం.

ఫిబ్రవరి చివరి ఆదివారం ఆఖరి మ్యాచ్. ఇంకో నెలైతే ఈ ఊరి ఎండలో బంతి కాదు గదా కుక్క కూడా బయటికి రాదు. గోదావరి అవతలి నుంచి పద్నాలుగు మంది ఒకే ఆటోలో దిగారు. మేం లెక్క ప్రకారం ఆరుగురం. టీ కొట్టు దగ్గర కూడా ఎవరూ దొరకలేదు, ఆ రోజు అందరికీ ప్లేడే పడింది. జాలిపడి వాళ్లే తమ బెంచీ మీది పోరగాన్ని ఒకన్ని మాకిచ్చారు. ఇంటర్ చదివే పిల్లగాడు, సన్నగా చువ్వలా ఉన్నాడు. గనిలో కొత్తగా చేరినవాళ్లను పిలిచినట్టే మావాళ్లు వాడికి బదిలీ ఫిల్లర్ అని పేరు పెట్టారు.

సున్నా - ఏడు దగ్గర ఉండగా బంతి సిమెంటు పిచ్చి మీద పడి అడ్డంగా లేచింది. అవతలి గోలీ ఒకవైపు దూకాడు, అది ఇంకోవైపు పోయింది. ఎదురుగా బదిలీ పిల్లగాడు ఉన్నాడు. అలవాటు కొద్దీ కాలు పెట్టాడు. గోలు.

మూడు వారాలుగా మేం గోలు కొట్టలేదు. ఎగరాలో వద్దో తెలియక మేమారుగురం నిలబడిపోయాం. అవతల వాళ్ల కెప్టెన్ నడుము మీద చేతులు పెట్టుకుని వాడినే చూస్తున్నాడు. వాడొకసారి అటు చూశాడు, ఒకసారి ఇటు చూశాడు. తర్వాత మెల్లగా రెఫరీ దగ్గరికి పోయి అడిగాడు:

"అన్నా, ఇది ఎవల మస్టర్ల పడ్తది?"