ముప్పై గ్రాముల మౌనవ్రతం

మందుల దుకాణం పెట్టాలంటే ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు కావాలి, ఫార్మసిస్టు కావాలి, ఫ్రిజ్ కావాలి, ఆ లైసెన్సును ఫ్రేము కట్టించి గోడకు తగిలించాలి. ముఖానికి రాసే క్రీములు అమ్మాలంటే ఒక మడత బల్ల చాలు. వానాకాలంలో పైన కప్పేందుకు పట్టా ఉంటే ఇంకా శ్రేష్ఠం. సౌందర్య సాధనాల తయారీకి మన దేశంలో లైసెన్సు ఉండాలి గానీ అమ్మకానికి అక్కర్లేదు. తయారుచేసినవాడు బుద్ధిమంతుడైతే అమ్మేవాడితో పేచీ ఏముందన్నది చట్టం నమ్మకం. తయారుచేసింది ఎవడో తెలిస్తే కదా అని హైదరాబాదులో తార్నాక మెట్రో మెట్లు దిగి ఉస్మానియా యూనివర్సిటీ (ఓయూ) వైపు నడిచే విద్యార్థి ఎవరైనా అడగొచ్చు. అడగడు. వాడికి రేపు ఇంటర్వ్యూ ఉంది, ముఖం ఇవాళే తెల్లబడాలి.

1940లో మందుల కోసం పుట్టిన చట్టంలోకి 1962లో సౌందర్య సాధనాలు వచ్చి చేరాయి. చేర్చిన పెద్దలు నిర్వచనం రాసేటప్పుడు ఎవర్నీ నొప్పించలేదు. శుభ్రతకో, అందానికో, ఆకర్షణకో, రూపం మార్చడానికో మనిషి ఒంటికి రుద్దేది, పోసేది, చల్లేది, పిచికారీ కొట్టేది ఏదైనా ఇందులోకే వస్తుంది. పెళ్లిపందిరి గుమ్మంలో పన్నీరు చల్లే బాబాయి చేతిలోని బుడ్డి కూడా చట్టం చూపు దాటిపోదు. తార్నాకలో మడత బల్ల మాత్రం ఎందుకో ఆ చూపుకు ఆనదు.

2020 డిసెంబరులో వచ్చిన సౌందర్య సాధనాల నియమావళి చదివితే ఆనందబాష్పాలు రాలతాయి. లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా ఉండాలి. ఏ నెల ఏ సంవత్సరంలోగా వాడాలో ఉండాలి. బ్యాచ్ నంబరు ఉండాలి. ‘ఎమ్’ అనే అక్షరం వెంట తయారీ లైసెన్సు నంబరు ఉండాలి. విదేశీ సరుకైతే ‘ఆర్‌సీ’ వెంట రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతి చేసుకున్నవాడి పేరు, చిరునామా ఉండాలి. కలిపిన పదార్థాలన్నీ, ఎక్కువ బరువున్నది మొదలు తక్కువ దాకా, వరుసగా రాయాలి. 1 శాతం మించనివి మాత్రం చివర్లో ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. అందుకే డబ్బా ముందువైపు కుంకుమపువ్వు అరచేయంత విచ్చుకుని ఉంటుంది. వెనకవైపు జాబితాలో మొదట నీళ్లుంటాయి, కుంకుమపువ్వు చిట్టచివరి గుంపులో నలిగిపోతూ కనిపిస్తుంది.

ఫార్మసీ చదివే పిల్లలు ఇదంతా కంఠస్థం చేసి పరీక్షలో రాసి, సాయంత్రం చౌరస్తాకొచ్చి నంబరు లేని ట్యూబు కొనుక్కెళతారు. ఎవరైనా ధైర్యం చేసి అడిగితే సంభాషణ ఇలా నడుస్తుంది.

“అన్నా, దీనిమీద లైసెన్సు నంబరేది?”

“ఇంపోర్టెడ్ మాల్ తమ్మీ. దానికి నంబర్ ఉండది.”

“మరి ఆర్‌సీ నంబరుండాలె గదా?”

“నువ్వు క్రీము కొంటున్నవా, బండి కొంటున్నవా?”

చట్టం అడిగినవి ఉండవు గానీ చట్టం అడగనివి ఆ ట్యూబు మీద దండిగా ఉంటాయి. మొదటిది సీఈ ముద్ర. యూరప్‌లో ఆ ముద్ర బొమ్మలకూ, విద్యుత్ పరికరాలకూ, వైద్య పరికరాలకూ వేస్తారు. అక్కడి సౌందర్య సాధనాలకు 1223/2009 అనే విడి నిబంధనావళి ఉంది, అందులో సీఈ ముద్ర ఊసే లేదు. పిల్లాడి బొమ్మ కారుకు వేయాల్సిన ముద్ర పిల్లాడి అన్న ముఖానికి పడుతోందన్నమాట. రెండోది ‘ఎఫ్‌డీఏ అప్రూవ్డ్’. కొన్ని రంగుల సంగతి పక్కన పెడితే, అమెరికా ఎఫ్‌డీఏ ఏ క్రీమునూ అమ్మకానికి ముందు ఆమోదించదు. ఆ పని తమది కాదని వాళ్లే చెప్పుకుంటారు. మూడోది గెంతే కుందేలు: జంతువుల మీద పరీక్షించలేదట. మన దేశంలో సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం 2014లోనే నిషేధించారు. కుందేలు క్షేమమే, సంతోషం. మనుషుల మీద పరీక్ష ఎక్కడ జరుగుతోందో క్యాంపస్ హాస్టళ్ల అద్దాలు చెప్పాలి.

‘డెర్మటలాజికల్లీ టెస్టెడ్’ అన్నది వీటన్నిటికీ పెద్దన్న. చర్మవైద్యులు పరీక్షించారట! ఎవరు, ఎంతమంది మీద, ఫలితమేమిటి? ‘పరీక్ష రాశాను’ అన్న కుర్రాడిని ‘పాసయ్యావా’ అని అడగకుండా మనవాళ్లు పిల్లనివ్వరు. క్రీముకు మాత్రం ఒక్క ప్రశ్నా లేకుండా ముఖాన్నే కట్టబెడతారు.

ఇది తార్నాకలో జరగడంలోనే ఉంది అసలు రుచి. ఇంత చదువుకున్న రోడ్డు నగరంలో మరోటి లేదు. ఇటు జాతీయ పోషకాహార సంస్థ. 2024లో ఆ సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఆఖరిది, లేబుల్ చదివి కొనండి అని. ప్యాకెట్ల మీది గొప్పలు తప్పుదారి పట్టించవచ్చనీ హెచ్చరించారు. పాపం, వాళ్ల పరిధి నోటి దగ్గర ఆగిపోతుంది, బుగ్గల దాకా రాదు. అటు 1944 నుంచి రసాయనాలతోనే కాపురం చేస్తున్న రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ. ఇంకాస్త ముందుకెళితే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ. అక్కడి శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న పరిశోధన ఒకటి 2013లో వచ్చింది. దక్షిణాసియా వాసుల చర్మఛాయలో ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువుకు పెద్ద వాటా ఉందని చెప్పింది. వేల ఏళ్లుగా తరం నుంచి తరానికి వస్తున్న ఆ లెక్కను, ఆ రోడ్డు మీదే ఉన్న బల్ల మీది ట్యూబు 7 రోజుల్లో తిరగరాస్తానంటుంది. ఇన్ని ప్రయోగశాలలు పక్కనుండగా దానికి ఇసుమంతైనా జంకు లేదు.

ఇక ముప్పై గ్రాముల సంగతి. పదార్థాల జాబితా గురించి అంత ముచ్చటగా రాసిన నియమావళిలోనే ఓ చిన్న మినహాయింపు దాగి ఉంది. ద్రవమైతే 60 మిల్లీలీటర్లలోపు, క్రీములాంటిదైతే 30 గ్రాములలోపు ఉన్న ప్యాకుల మీద పదార్థాల జాబితా అవసరం లేదట. చోటు చాలదని కాబోలు. ఓయూ హాస్టల్లో ఉండి మెస్ బిల్లు కట్టడానికే తంటాలు పడే పిల్ల ఏ ప్యాకు కొంటుంది? 25 గ్రాముల ట్యూబు. మాణికేశ్వరనగర్‌లో ఇళ్లల్లో పనిచేసే ఆమె ఏం కొంటుంది? రూపాయి షాంపూ. పెద్ద సీసా కొనగలిగిన వారికి అందులో ఏముందో తెలుసుకునే హక్కుంది. చిన్న ప్యాకుకే డబ్బులున్నవారికి రుద్దుకునే హక్కు మాత్రమే ఉంది. కొన్ని కంపెనీలు మొహమాటానికి చిన్న ప్యాకుల మీదా జాబితా వేస్తాయి, అది వాళ్ల దయ. సమాచారాన్ని బరువు తూచి పంచిపెట్టే ఈ పద్ధతి కనిపెట్టినవారిని ఓయూ ఆర్థికశాస్త్ర విభాగం పిలిచి శాలువా కప్పాలి.

జాబితా వేసినా చదివేదెలా? ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే సరిపోతుంది, తెలుగు తప్పనిసరి కాదు. అక్షరం ఎత్తు 1 మిల్లీమీటరుంటే చాలు. అలాగని చట్టం మన భాషను పూర్తిగా మరిచిందని అనుకోకండి. పారాఫినైలిన్‌డయమీన్ లాంటి రసాయనాలున్న జుట్టు రంగుల మీద మాత్రం హెచ్చరిక స్థానిక భాషలో కూడా ఉండాలంది. ముందుగా కొంచెం రాసి చూసుకోండి, కనుబొమ్మలకూ కనురెప్పల వెంట్రుకలకూ రాయొద్దు, చూపు పోవచ్చు అని. అంటే తెలుగు గుర్తు రావాలంటే వ్యవహారం కన్ను పోయేదాకా రావాలి.

నవ్వుతాలకు చెబుతున్నా గానీ ఇలాంటి ట్యూబుల్లో కొన్నింట దాక్కునేది కుంకుమపువ్వు కాదు, పాదరసం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అది అడ్డుకుంటుంది కాబట్టి చర్మం తెల్లబడినట్టే ఉంటుంది. చర్మంలోంచి లోపలికింకి మూత్రపిండాల్లో కూర్చుంటుంది. కేరళలోని కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి వైద్యులు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా తమ దగ్గరకొచ్చిన మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే మూత్రపిండాల జబ్బు కేసులు 22 పరిశీలించారు. అందులో 15 మందిది నెల్-1 అనే ప్రత్యేక రకం, వాళ్లలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లు. మన నియమావళి పాదరసాన్ని కావాలని కలపనివ్వదు. పొరపాటున చేరినా కంటి చుట్టూ వాడేవాటిలో 70 పీపీఎం, మిగతా వాటిలో 1 పీపీఎం దాటకూడదంటుంది. అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు. ఆ లెక్క రాసినవారికి దండం పెట్టాలి. కొలిచేవారెప్పుడు వస్తారో బల్ల దగ్గర అడిగితే, ‘ఎవరొస్తరు సార్’ అని నవ్వుతారు.

తెల్లబడాలని రాసుకునే స్టెరాయిడ్ పూతమందులది మరో కథ. అవి సౌందర్య సాధనాలే కావు. 2018లో కేంద్రం 14 రకాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ బదులు పక్క గది మిత్రుడి సలహా సరిపోతోంది.

పెద్ద కంపెనీలు మాత్రం లోపల కదలకుండా పైన సంస్కరణ తెచ్చాయి. 1975 నుంచి అమ్ముతున్న ఫెయిర్ అండ్ లవ్లీ పేరులో ‘ఫెయిర్’ తీసేస్తామని హిందుస్థాన్ యూనిలీవర్ 2020 జూన్‌లో ప్రకటించింది. జూలైకల్లా గ్లో అండ్ లవ్లీ అయ్యింది. వివక్ష పోయింది, వెలుగు వచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం తెల్లదనం ప్రకటనలకు 5 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా వేస్తామని ముసాయిదా బిల్లు చూపించింది. జైలు ముసాయిదాలో ఉండగానే పేరు మారిపోయింది.

ఉన్న చట్టం మరీ నిర్వీర్యమైనదేమీ కాదు. 2008 సవరణతో నకిలీ, కల్తీ సౌందర్య సాధనాలకు 3 ఏళ్ల దాకా జైలు, కనీసం 50,000 రూపాయల జరిమానా పెట్టారు. లేనిది శిక్ష కాదు, బల్ల దాకా నడిచొచ్చే కాళ్లు.

కేంద్ర ఆరోగ్య శాఖ చేయాల్సినవి రెండే. 30 గ్రాముల మినహాయింపు కొట్టేయాలి. తెలుగునాట అమ్మే ప్రతి ట్యూబు మీదా వివరాలు తెలుగులో, కళ్లద్దాలు లేకుండా చదవగలిగేంత అక్షరాల్లో వేయించాలి. రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ చేయాల్సింది, తార్నాక చౌరస్తాలో ఒక సాయంత్రం గడపడం. మీరు చేయాల్సింది, ట్యూబు తిప్పి ‘ఎమ్’ నంబరో ‘ఆర్‌సీ’ నంబరో వెతకడం. ధర స్టిక్కరు కిందా చూడండి. రెండూ లేకపోతే బల్ల మీదే పెట్టేసి ఔషధ నియంత్రణ శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969కు ఫోను కొట్టండి.