పేపరుకు పదిహేను పాయింట్లు

బహుశాస్త్ర అంతర్జాతీయ మాసపత్రిక అనే జాతి ఒకటి మన కాలేజీల నీడన ఏపుగా పెరిగింది. దాని విషయసూచిక చూస్తే కళ్లు తిరుగుతాయి. బి.ఇడి. విద్యార్థుల బోధనాభిరుచి ఒక పేజీలో ఉంటే, పల్లెటూరి ఇంజనీరింగ్ పిల్లల ఇంగ్లీషు భయం పక్క పేజీలో ఉంటుంది. ఆ వెనకే లారీ కమాను కట్టకు ఫినైట్ ఎలిమెంట్ విశ్లేషణ, దాని వెనక రొయ్యల చెరువులో ఆక్సిజన్. ఇన్ని శాస్త్రాల్ని తూచగల పండితులు ఒకే సంపాదకవర్గంలో ఉన్నారనీ, నాలుగైదు రోజుల్లో తూచేస్తారనీ పత్రికవారి హామీ. ఫీజు కట్టిన మర్నాడే అంగీకారపత్రం వస్తోంది గనక హామీని శంకించలేం.

దీనికి మూలం పత్రికలవాళ్ల డబ్బాశ ఒక్కటే కాదు, ఒక పట్టిక కూడా. 2010లో యూజీసీ అధ్యాపకుల నియామకాలకూ పదోన్నతులకూ ఏపీఐ అనే పాయింట్ల లెక్క పెట్టింది. అప్పట్లో నిపుణులు పరిశీలించే పత్రికలో వ్యాసానికి 15 పాయింట్లు ఉండేవి. ఆ పరిశీలన లేకపోయినా పేరూ ఐఎస్ఎస్ఎన్ నంబరూ ఉన్న పత్రికలో అయితే 10. ఐఎస్ఎస్ఎన్ అంటే పత్రికను గుర్తుపట్టడానికి ఇచ్చే ఎనిమిదంకెల సంఖ్య, అంతే. లారీకి నంబరు ప్లేటు ఉన్నంత మాత్రాన డ్రైవరుకు బండి నడపడం వచ్చని కాదు. కానీ పదోన్నతి ఫైల్లో ఆ సంఖ్యే యోగ్యతాపత్రమైంది. వ్యాసం చదివి విలువ కట్టాలంటే విషయం తెలిసిన మనిషి కావాలి, తీరిక కావాలి. పాయింట్లు కూడాలంటే గుమాస్తా చాలు.

ఇవన్నీ కడుపుమంట మాటలని కొట్టిపారేసేవారి కోసం కొన్ని అంకెలు. 2013లో సైన్స్ పత్రిక తరఫున జాన్ బొహానన్ అనే జర్నలిస్టు, లేని శాస్త్రవేత్తల పేర్లతో, కావాలని తప్పులు నింపిన ఒక క్యాన్సర్ మందు వ్యాసాన్ని 304 పత్రికలకు పంపాడు. 157 పత్రికలు వేసుకుంటామన్నాయి, 98 వద్దన్నాయి. మన ఇంటి సంగతి ఇంకా ఘనం. పాయింట్లకు పనికొస్తాయని యూజీసీ ప్రకటించిన ఆమోదిత జాబితాలోకి విశ్వవిద్యాలయాల సిఫారసు మీద చేరిన పత్రికల్లో 1,009ని భూషణ్ పట్వర్ధన్ బృందం పరీక్షించి 2018లో కరెంట్ సైన్స్‌లో ఫలితం ప్రకటించింది. గట్టున పడ్డవి 112. ఆ ఏడాది మే నెలలో యూజీసీ 4,305 పత్రికల్ని జాబితా నుంచి తీసేసింది. తీసేయకముందు వాటిలో అచ్చయిన వ్యాసాలకు పాయింట్లు ఇవ్వొచ్చని కూడా సెలవిచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా వందల పత్రికలు నడిపిన ఒమిక్స్ సంస్థ, నిపుణుల పరిశీలన ఉందని చెప్పి రచయితల్ని మోసగించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే, 2019 మార్చిలో నెవాడా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. అంతర్జాతీయ ఖ్యాతి అంటే అదీ!

పత్రిక సంగతి అలా ఉంచి వ్యాసం లోపలికి వెళ్దాం. ఇంగ్లీషు బోధన మీద పరిశోధన ఇలా జరుగుతుంది: అధ్యాపకుడు తన క్లాసు వాట్సాప్ గ్రూపులోనే గూగుల్ ఫారం పెడతాడు. 'ల్యాబ్ వల్ల మీ సంభాషణా నైపుణ్యం పెరిగిందా?' అని అడుగుతాడు. ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో పిల్లలకు తెలుసు, 'పూర్తిగా అంగీకరిస్తాను' అని నొక్కుతారు. ఆ నొక్కుళ్ల మీద టీ పరీక్ష చేస్తే పీ విలువ 0.05కన్నా తక్కువ వస్తుంది, అంటే ఫలితం యాదృచ్ఛికం కాదని ముద్ర పడుతుంది. ఇంత ఆర్భాటంలో ఒక్క పిల్లవాడి చేతనైనా నాలుగు వాక్యాలు మాట్లాడించి విన్నవాడు ఉండడు. ప్రథమ్ సంస్థ చేసే ఏసర్ సర్వేలో ఇంటింటికీ వెళ్లి, పిల్లవాడి చేతికి రెండో తరగతి పాఠం ఇచ్చి చదవమంటారు. 2022లో దేశంలోని పల్లెల్లో అయిదో తరగతి పిల్లల్లో దాన్ని చదవగలిగింది 42.8 శాతం. ఆ సర్వేకూ విమర్శకులున్నారు, ఉండాలి కూడా. విమర్శించడానికి అందులో ఒక కొలత ఉంది. మన ఫారం వ్యాసాన్ని ఖండిద్దామన్నా ఎక్కడా పట్టు దొరకదు.

కమాను కట్ట వ్యాసం ఇంకా రమ్యంగా ఉంటుంది, రంగుల బొమ్మలుంటాయి గనక. సాఫ్ట్‌వేర్‌లో ఉక్కు గుణాలు తీసేసి గ్లాస్ ఫైబర్ గుణాలు టైపు చేస్తే ఒకచోట ఎర్రగా, ఒకచోట నీలంగా ఒత్తిడి పటం వస్తుంది. కట్ట బరువు తగ్గిందని తేలుతుంది. గ్లాస్ ఫైబర్ ఉక్కుకన్నా తేలికని కనిపెట్టడానికి త్రాసు చాలదా? అడగాల్సినవి వేరే ఉన్నాయి. మెష్‌ను, అంటే లెక్క కోసం కట్టను ముక్కలుగా విడగొట్టిన వలను, ఇంకా సన్నం చేస్తే జవాబు మారుతుందా? ఒక్క పట్టీనైనా విరగ్గొట్టి లెక్కతో సరిచూశారా? విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లి పాత కట్టలు ఎక్కడ విరుగుతున్నాయో చూసినా సగం సంగతి తెలిసేది. 1991 ఆగస్టు 23న నార్వేలో స్లైప్నర్ ఏ అనే చమురు వేదిక కాంక్రీటు కట్టడం నీళ్లలో మునిగిపోయింది. నష్టం దాదాపు 70 కోట్ల డాలర్లు. ఫినైట్ ఎలిమెంట్ నమూనా సరిగా లేక గోడల్లో కోత ఒత్తిడిని 47 శాతం తక్కువగా లెక్కగట్టారని విచారణలో బయటపడింది. అదే పద్ధతితో ఈసారి జాగ్రత్తగా చేస్తే 62 మీటర్ల లోతున విరగాలని వచ్చింది. అసలది విరిగింది 65 మీటర్ల దగ్గర. బొమ్మను నమ్మినవాళ్లు మునిగారు, బొమ్మను ప్రశ్నించినవాళ్లకు మూడు మీటర్ల తేడాతో నిజం దొరికింది. మన కమాను కట్టలు పేపరు దాటి రావు కాబట్టి రోడ్డు మీద జనం బతికిపోతున్నారు.

ఈ విమర్శకు వచ్చే జవాబు తెలిసిందే: రోజంతా క్లాసులు, వేసవిలో అడ్మిషన్ల కోసం ఊరూరా తిరుగుడు, జీతం ఎప్పుడొస్తుందో తెలియదు, ప్రైవేటు కాలేజీ అధ్యాపకుడు పరిశోధన ఎప్పుడు చేస్తాడు? చేయలేడు. మరి చేయలేనివాడి చేత, సొంత డబ్బు కట్టించి మరీ, చేశానని సంతకం ఎందుకు పెట్టించాలి? పాఠం బాగా చెప్పేవాడికి ఆ పాఠం మీదే పదోన్నతి ఇస్తే ఎవరి సొమ్ము పోయింది? ఇంకో వాదన ఇంతకన్నా బరువైనది. పేరున్న విదేశీ పత్రికలు మన పల్లె బడిని పట్టించుకోవు, మన పత్రికలు మనకు ఉండాలి అంటారు. ఉండాలి, సందేహం లేదు. తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగ్‌లో చేరిన పిల్ల మొదటి సెమిస్టర్‌లో ఏ వాక్యం దగ్గర ఆగిపోతోందో చెప్పడానికి మనకన్నా అర్హులు లేరు. ఆ ఒక్క సంగతే పట్టుకుని రెండేళ్లు గమనించి ఒక్క వ్యాసం రాసిన లెక్చరరుకు 2010 పట్టికలో 15 పాయింట్లే, ఫారాలు పంచి డజను వ్యాసాలు అచ్చేయించినవారికి డజను పదిహేనులు. చదవకుండా వేసుకునే పత్రిక దెబ్బ కొడుతున్నది విదేశీ ఆధిపత్యాన్ని కాదు, ఒక్క వ్యాసం రాసిన ఆ లెక్చరరును.

పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేముందు వ్యాసం అచ్చయి ఉండాలన్న షరతును యూజీసీ 2022లో ఎత్తేసింది. పాత జాబితా స్థానంలో తెచ్చిన కేర్ జాబితానూ 2025 ఫిబ్రవరిలో ఆపేసి, పత్రికల మంచిచెడ్డలు విద్యాసంస్థలే తేల్చుకోవాలంది. అందుకు వేసే కమిటీల్లో పాయింట్లు కూడుకుని ప్రొఫెసర్లయినవారే కూర్చుంటారు. ఫలానా పత్రిక పనికిరాదని రాసేముందు, అందులో తమ వ్యాసాలెన్ని ఉన్నాయో ఒకసారి చూసుకుంటారు.