నిన్నమొన్నటీయం: ఆకలిదీపికా వ్యాఖ్యా సహితం

మూలం: “మిత్రులారా! నిన్న మొన్నటిలా ఉంది. అప్పుడే యాభై దాటేశాం. కాలం ఎంత తొందరగా గడిచిపోయిందో!”

అవతారిక. 1991లో పదో తరగతి వెలగబెట్టినవారి ఆత్మీయ సమ్మేళనంలో, మే నెల ఆదివారం నాడు, మధ్యాహ్నం పన్నెండుంపావుకు మైకు పుచ్చుకున్న ఒక మిత్రుడి నోట వెలువడిన వచనమిది. కర్త అతడే అనడానికి లేదు. ఏ ఊళ్ళో ఏ బ్యాచి కలుసుకున్నా ఇదే వచనం, ఇదే నిట్టూర్పు. కాబట్టి ఇది అపౌరుషేయమని నా నిశ్చయం.

మెదక్ సీమలో కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. నేను పెట్టుకోను. ఆయనకు మూలంలో కాళిదాసు ఉన్నాడు. నాకేముంది?

ఇక టీక. మిత్రులారా = పొద్దున్నే గ్రూపులో పువ్వుల బొమ్మలు పంపుకునేవారలారా. ఉంది = స్పష్టం. అప్పుడే = ఇదీ స్పష్టం. (వ్యాఖ్యాతలు స్పష్టమన్న చోటే అసలు చిక్కుంటుందని చదువుకున్నవాళ్ళకి తెలుసు. నేనూ ఆ సంప్రదాయంలోని వాణ్ణే.)

మొన్న = నిఘంటువు ప్రకారం నిన్నటికి ముందురోజు. పదో తరగతిలో ఈ మాటకు వేరే అర్థం లేదు. “మొన్న బడికి రాలేదేంరా?” అని మాస్టారు అడిగితే అది ఏ రోజో అడిగినవారికీ తెలుసు, ఎగ్గొట్టినవాడికీ తెలుసు. నలభై దాటాక ఈ మాట సాగడం మొదలెడుతుంది. మొన్న మా ఆవిడ “మొన్న పుష్కరాల్లో కొన్న రాగిచెంబు కనబడటం లేదు” అంది. 2015 పుష్కరాలా అని ఆరా తీస్తే కాదు, అంతకు ముందు 2003లో వచ్చినవట. ఈ వాక్యంలో మొదటి మొన్న నిఘంటువుది, రెండో మొన్న మా ఇంటిది.

యాభై దాటేశాం = దాటడానికి కర్మ ఉండాలి. వాగును దాటతాం, రోడ్డు దాటతాం. యాభై కూడా అలా మన ఎదుట అడ్డంగా పడుకుని ఉందా, లేక వెనకనించి వచ్చి హారనైనా కొట్టకుండా మనల్నే దాటిపోయిందా? మాలో చాలామంది రాక్షస నామ సంవత్సరంలో, అంటే 1975 ఉగాది తరవాత పుట్టినవాళ్ళం. ఆ రాక్షస మళ్ళీ వచ్చేది 2035లో, షష్టిపూర్తికి. అక్కడికి చేరాలంటే 2026లో పరాభవ, 2033లో ప్రమాదీచ దాటుకుని పోవాలి. ఈ పేర్లు పెట్టిన మహానుభావుడెవరో ఆత్మీయ సమ్మేళనాలకు వెళ్ళొచ్చినవాడే.

గడిచిపోయిందో = ఇక్కడ కొంత శాస్త్రచర్చ ఉంది. ఓపిక లేనివారు మంచినీళ్ళు తాగి రావచ్చు.

సంస్కృతంలో భూతకాలానికి మూడు లకారాలు. జరిగిపోయిన దేనికైనా లుఙ్ సరిపోతుంది. ఇవాళ్టిది కానిదానికి లఙ్. ఇవాళ్టిది కాకపోవడమే కాదు, చెప్పేవాడి కంటపడకుండా జరిగినదైతే లిట్. అష్టాధ్యాయి మూడో అధ్యాయం రెండో పాదంలో 115వ సూత్రం దీన్ని విధిస్తోంది. రాముడు రావణుణ్ణి చంపాడనాలంటే లిట్ వాడతాం, మనమెవరం ఆ పక్కన లేము గనక. బాగానే ఉంది. మరి ‘నేను’ కర్త అయినప్పుడు లిట్ ఎలా కుదురుతుంది? నేను చేసిన పని నా కంటపడకుండా ఎలా జరుగుతుంది? నిద్రలోనో మత్తులోనో అయితే కుదురుతుందని పెద్దలు సమాధానం చెప్పారు. నిద్రలో ఏడ్చానట, అంటాం చూడండి, అలాగన్నమాట.

అక్కడితో ఆగినవాడు పతంజలి కాడు. మెలకువగా ఉండి కూడా కళ్ళెదుట జరిగేది చూడనివాడు ఉంటాడా అని మహాభాష్యంలో ప్రశ్న వేసుకుని, ఉంటాడని ఒక మనిషిని చూపించాడు. ఆయన శాకటాయనుడు. మామూలు మనిషి కాదు, పాణిని పేరెత్తి తలచుకున్న వైయాకరణుడు. రథాలు నడిచే బాటలో కూచుని, ఎదటినించి బళ్ళ బిడారు మొత్తం సాగిపోతుంటే గమనించలేదట! ఎడ్ల మెడలో గంటలుంటాయి. ఇరుసులు కిర్రుమంటాయి. ఒంటెద్దు బండి కాదు, బిడారు. లేచిన దుమ్ము మొహాన కొట్టి ఉంటుంది. ఆయన పేరు చూస్తేనేమో శకటంలోంచి పుట్టింది, శకటమంటే బండే. బండి పేరు మోస్తున్నవాడికి బళ్ళు కనబడలేదు. మనసు అక్కడ లేకపోవడమే కారణమని పతంజలి చెప్పాడు. ఆ మనసు ఎక్కడుందో చెప్పలేదు గాని నేను ఊహించగలను. నామాలన్నీ ధాతువుల్లోంచే పుట్టాయని శాకటాయనుడి వాదం. యాస్కుడు నిరుక్తంలో ఆ సంగతి రాశాడు. బిడారు వచ్చే వేళకు ఈయన శకట శబ్దం ఏ ధాతువులోంచి వచ్చిందా అని ఆలోచిస్తూ ఉండి ఉంటాడు.

నవ్వుకుంటూ రాసుకొస్తున్నాను గాని ఇక్కడ కలం ఆగింది. మా అమ్మాయి మొదటిసారి ఎవరూ పట్టుకోకుండా సైకిలు తొక్కిన సాయంత్రం నేను వరండాలోనే ఉన్నాను, ఆడిట్ కాగితాలు ముందేసుకుని. మోకాలు చెక్కుకుపోయి, ఒక చెప్పు ఎక్కడో పారేసుకుని వచ్చి “చూశావా నాన్నా?” అంది. “ఆ, చూశానమ్మా” అన్నాను, అంకె తప్పిపోతుందేమోనని తలెత్తకుండా. చెప్పు సంగతి కూడా తరవాత వాళ్ళమ్మ చెబితే తెలిసింది. ఆ సైకిలు గురించి నేను సంస్కృతంలో రాయాల్సొస్తే లిట్ తప్ప గతి లేదు.

ఏం చర్చిస్తున్నాం? గడిచిపోయిందో. అవును.

తొందరగా = ఏడాది మన మొత్తం వయసులో ఎన్నో వంతైతే మనకు అంత పొడుగ్గా తోస్తుందని పాల్ జానే అనే ఫ్రెంచి తాత్వికుడు లెక్క వేశాడు. అంటే పదేళ్ళవాడికి పదో వంతు, మాకు యాభయ్యోది. అది లెక్కే గాని కారణం కాదని విలియం జేమ్స్ 1890లో అచ్చయిన తన గ్రంథంలో ఖండించాడు. ఏళ్ళన్నీ ఒకేలా ఉండటంతో జ్ఞాపకంలో ఒకదానిమీద ఒకటి ముడుచుకుపోతాయని ఆయన సిద్ధాంతం. తెలుగులో తొందరంటే త్వర ఒక్కటే కాదు, ఇబ్బంది అని కూడా అర్థం ఉంది. ఇక్కడ ఆ రెండో అర్థమే గ్రాహ్యం. ఎందుకంటే కాలం ఎంత వేగంగా పోతుందో చెప్పడానికి మైకెక్కిన మిత్రుడు ఒంటిగంటకు కూడా దిగలేదు.

అంతకుముందు, పోయిన పదకొండుమంది పేర్లు చదివి రెండు నిమిషాల మౌనమన్నారు. నేను లోపల అంకెలు లెక్కపెట్టాను. పద్దెనిమిది దగ్గర “కూర్చోండి” అన్నారు. పదకొండుమందికి పద్దెనిమిది సెకన్లు, తలా రెండైనా రాలేదు. కాలానికి రెక్కలొచ్చాయనడానికి మాత్రం ముప్పావుగంట!

వేదిక మీద మా లెక్కల మాస్టారు. ఎనభైనాలుగేళ్ళు, షుగరు. పదింటికల్లా తీసుకొచ్చి కూచోబెట్టి, ఆ ఎండలో మెడచుట్టూ మూడు శాలువాలు కప్పారు. వెనక గాడిపొయ్యి మీదినించి గుత్తొంకాయ వాసన హాల్లోకి వస్తోంది. మాస్టారు జేబులోంచి చిన్న బిస్కెట్ల పొట్లం తీశారు, ఇంట్లో వాళ్ళు ముందుచూపుతో పెట్టి పంపినట్టుంది. వేళ్ళు వణికి కాగితం చిరగదు. ఆ కరకర చప్పుడు పక్కనున్న మైకు పట్టుకుని హాలంతా వినిపించింది. మూలకర్త ఒక్క క్షణం ఆగి, చప్పట్లనుకున్నాడో ఏమో, వినయంగా తలవంచి మళ్ళీ “మిత్రులారా!” అన్నాడు.

తాత్పర్యం. ఓ మిత్రులారా, మీరు భోజనానికి లేవరాదని కవి హృదయం.

వేదిక వెనకనించి వెళ్ళి పొట్లం విప్పి ఇచ్చాను. మాస్టారు ఒక బిస్కెట్టు నోట్లో వేసుకుని నా చెయ్యి పట్టుకున్నారు. “ఒరేయ్, వాడి చేతిలో ఇంకా ఎన్ని కాగితాలున్నాయో చూడు.”

చూశాను. నాలుగున్నాయి, రెండు వైపులా రాసినవి.

“ఒకటేనండి మాస్టారూ” అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. “నీకు అప్పుడూ లెక్కలు రాలేదురా” అన్నారు.